ముప్పై ఏళ్ల అంబాసిడర్‌కు మళ్లీ రిజిస్ట్రేషన్: నా అనుభవం

మా నాన్నగారు 1992లో కొత్తగా కొని విజయనగరంలో రిజిస్టర్ చేయించిన అంబాసిడర్ నోవా పెట్రోలు కారుకు 2022 జులైతో సీ బుక్కు గడువు తీరుతుందని తెలిసినప్పటి నుంచి, దాన్ని ఉంచుకోవాలా వదిలించుకోవాలా అన్న చర్చ మా బంధువర్గంలో మొదలైంది. సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ లెక్కన 2007లో, 2012లో, 2017లో నాన్నగారే దగ్గరుండి ఆ పని చేయించారు. ఆయన పోయాక ఫారం 31 ఇచ్చి బండిని నా పేరున మార్పించుకున్నాను గానీ, పాత కారును తనిఖీకి నిలబెట్టడం మాత్రం నాకు అదే మొదటిసారి.

చర్చ మొదలైందని అన్నాను గానీ, నిజానికి అది మా ఇంట్లో నలభై ఏళ్లుగా సాగుతున్నదే. బొబ్బిలిలో ఉండే మా పెద్ద మావయ్య ఫియట్ పక్షం. ఫియట్ నమూనాతోనే ఇక్కడ తయారైన ప్రీమియర్ పద్మిని, 1978 నాటిది, ఆయన పాతికేళ్లు నడిపారు. స్టీరింగ్ తేలిక, గేరు సాఫీ, పెట్రోలు పొదుపు అని ఆయన వాదన. అంబాసిడర్‌ను ఆయన ఏనాడూ కారు అనలేదు, "మీ బస్సు" అనేవారు. గజపతినగరంలో రైస్ మిల్లు నడిపిన నాన్నగారికి మాత్రం వెనుక సీట్లో నలుగురు, ముందు సీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పట్టనిది కారే కాదు. పార్వతీపురంలో కాంట్రాక్టులు చేసిన బాబాయికి ఈ ఇద్దరి గొడవా పిల్లల ఆటలా కనిపించేది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు అప్పటి ఏజెన్సీ దారుల్లో వానాకాలం తిరగాలంటే మహీంద్రా జీపు తప్ప మరొకటి పనికిరాదని ఆయన తేల్చేసేవారు, ఆ దారుల్లో ఆయన వెంట వెళ్లిన వారెవరూ కాదనలేదు. శ్రీకాకుళంలో ఉపాధ్యాయుడైన మా బావ మారుతి 800 కొన్నాక ఇక ఎవరితోనూ వాదించలేదు. బయలుదేరమన్నప్పుడు బయలుదేరే కారు తన దగ్గర ఉందని చెప్పి ఊరుకునేవాడు. ముగ్గురు పెద్దలకూ ఒళ్లు మండించినది ఆ మాటే.

ఈ పక్షపాతాలను కాస్త తవ్వి చూస్తే నవ్వొస్తుంది. మా స్వదేశీ అంబాసిడర్ పుట్టుక రీత్యా ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర మొదలై 2014 మే నెలలో ఆగిపోయేదాకా పైరేకు రూపం పెద్దగా మారలేదు. 2017లో అంబాసిడర్ అన్న పేరును ప్యూజో అనే ఫ్రెంచి కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. బాబాయి ప్రాణంగా చూసుకున్న ఎంఎం 540 జీపులోని డీజిల్ ఇంజిన్ కూడా ప్యూజో వారి నమూనాయే, మహీంద్రా వారు లైసెన్సు తీసుకుని తయారు చేశారు. మావయ్య పద్మినిని తయారు చేసిన ప్రీమియర్ కంపెనీ 1990లలో అదే ప్యూజోతో చేతులు కలిపి ప్యూజో 309 కారును అమ్మింది. చివరికి 2021 జనవరిలో ప్యూజో సంస్థ, ఫియట్ సంస్థ కలిసిపోయి స్టెలాంటిస్ అయ్యాయి. సంక్రాంతి భోజనాల దగ్గర కంచాలు వదిలి లేచేంతవరకూ వెళ్లిన పోట్లాటలో మూడు పక్షాలూ ఒకే కొట్టుకు వెళ్లి తేలాయన్న మాట. ఈ సంగతి మావయ్యకు చెబితే కాసేపు ఆలోచించి, "అయితే మావాళ్లే మీవాళ్లను కొనుక్కున్నారనమాట" అన్నారు.

బండిని తుక్కుకు ఇచ్చేయమన్నవారే ఎక్కువ మంది. 2021 ఆగస్టులో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానాన్ని ప్రకటించాక, పదిహేనేళ్లు దాటితే కారును తీసుకుపోతారన్న ప్రచారం మా ఊళ్లోనూ పాకింది. అది సరికాదు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లను, పదేళ్లు దాటిన డీజిల్ కార్లను తిరగనివ్వని కట్టడి అప్పట్లో ఢిల్లీ ప్రాంతంలో ఉన్నది. మన దగ్గర తనిఖీలో నెగ్గితే కారుకు మరో అయిదేళ్లు ఇస్తారు. పెరిగినదల్లా ఫీజు. అప్పటిదాకా 600 రూపాయలున్న కారు రెన్యువల్ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలు చేశారు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున అదనం. హరిత పన్ను వేరు. గడువుకు అరవై రోజుల ముందు నుంచే ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు కనుక మే చివర్లోనే పని మొదలుపెట్టాను. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ కింద వేరే నంబరు వరుస ఉందని, దానికి వెళ్లమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు గానీ, మా కారుకు ఆ యోగ్యత రావాలంటే 2042 దాకా ఆగాలి.

కాగితాలకన్నా ముందు బండి కావాలి. విజయనగరం ఎత్తు బ్రిడ్జికి ఇవతల ఒక షెడ్డులో ఇప్పటికీ అంబాసిడర్ పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఉన్నాడు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న కారు ఇది. ఏళ్ల తరబడి ఎక్కువగా షెడ్డులో నిలబడినందున వీల్ సిలిండర్లలోని రబ్బరు వాషర్లు గట్టిపడి, బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. సిలిండర్లు విప్పించి కొత్త వాషర్లు వేయించాము, బ్రేకు షూలకు కొత్త లైనర్లు రివిట్లతో కొట్టించాము. వెనుక బరువు మోసే కమాను కట్టల్లో, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో, ఒక కమాను విరిగి ఉంది. అది మన ఊళ్లో దొరకలేదు. మేస్త్రీ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సాలూరు పొమ్మన్నాడు. లారీల మీద బతికే ఊరు అది. కమాన్లు కొట్టి, వంపు తీర్చి ఇచ్చే చేతులు అక్కడ వీధికొకటి ఉంటాయి. రామభద్రపురం మీదుగా వెళ్లి, పాత కమానును కొలతకు చూపిస్తే, లారీ కమాన్ల నడుమ నిలబడి ఆ కొట్టతను దాన్ని బొమ్మబండి ముక్కలా తిప్పి చూసి, సాయంత్రానికి సరిజోడు చేసి ఇచ్చాడు.

నాన్నగారి అభిమానం దేనిమీద నిలబడిందో నాకు ఆ రోజు స్పష్టంగా అర్థమైంది. ఆయన కంపెనీని మెచ్చుకున్నది చాలా తక్కువ. పైగా కొన్న ఏడాదే వాన నీరు కాళ్ల దగ్గరికి కారుతోందని తిట్టుకున్నారు. ఆయన నమ్మింది గజపతినగరానికీ సాలూరుకీ మధ్య ఎక్కడ ఆగినా బండి విప్పగలిగిన మనిషి దొరుకుతాడన్న ధైర్యాన్ని. మావయ్య పద్మినిని వదులుకున్నదీ అందుకే. 2000 ప్రాంతంలో దాని తయారీ నిలిచిపోయాక, బొబ్బిలిలో దాని పని తెలిసిన ఒక్కగానొక్క మేస్త్రీ విశాఖ వెళ్లిపోవడంతో ఆయన ఓడిపోయారు. అంతే తప్ప కారు ఓడిపోలేదని ఆయన ఇప్పటికీ అంటారు, నేనూ ఒప్పుకుంటాను.

కష్టమంతా పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. 2000 సంవత్సరం మార్చి దాకా తయారైన పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. మా బండిది అంతకు పైనే చూపించింది. పొల్యూషన్ వ్యాను కుర్రవాడు తలుపు వేసుకుంటూ, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటరు చూపించుకోమన్నాడు. ఇందులో ఉన్నది ఎస్‌యూ రకం కార్బురేటరు. దాన్ని సరిచేయడం చూడవలసిన పని. మేస్త్రీ ముందుగా ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాయింట్లు శుభ్రం చేసి, ఫీలర్ గేజీ పెట్టి పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) గ్యాపు సరిచూశాడు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆగి, గాలి ఫిల్టరు విప్పి, సన్నని స్క్రూడ్రైవరు మొనతో కార్బురేటరు లోపలి పిస్టన్‌ను గోటిమందం ఎత్తాడు. ఇంజిన్ చప్పుడు పెరిగి అలాగే నిలబడింది. పెట్రోలు ఎక్కువవుతోందన్న మాట. కార్బురేటరు అడుగున ఆరు పలకల నట్టు ఒకటి ఉంటుంది, దాన్ని పైకి బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఒక్కొక్క పలక చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ పిస్టన్ ఎత్తి వింటూ పోయాడు. ఒకసారి ఎక్కువ బిగిసి ఇంజిన్ ఆగిపోయే స్థితికి వచ్చింది, వెంటనే వెనక్కి తిప్పాడు. చివరకు పిస్టన్ ఎత్తగానే చప్పుడు ఒక్క క్షణం పెరిగి మళ్లీ యథాస్థితికి దిగింది. "ఇప్పుడు పట్టుకెల్లండి బాబూ, మిషను ఏటి సెప్తాదో నాను ముందే సెప్తాను" అన్నాడు. అన్నట్టే మరుసటి పరీక్షలో 3 శాతానికి బాగా దిగువన వచ్చింది. ఆయన చేతిలో ఏ మీటరూ లేదు.

బీమా సంగతి తొందరగా చెప్పేస్తాను. ముప్పై ఏళ్ల బండికి సమగ్ర పాలసీ ఇవ్వడానికి ఒక కంపెనీ వారు ససేమిరా అన్నారు, థర్డ్ పార్టీతో సరిపెట్టుకున్నాను. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. మా ఇంజిన్ 1,489 సీసీ. పదకొండు సీసీలు నాకు నాలుగు వేల పైచిలుకు మిగిల్చాయి.

తనిఖీ రోజుకు స్లాటు ఆన్‌లైన్‌లోనే తీసుకున్నాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు మొదట అడిగినది ఛాసిస్ నంబరు. దానిమీద రెండు మూడు పొరల పెయింటు పడి ఉంటుందని తెలిసి, ముందురోజే థిన్నరు గుడ్డతో తుడిచి ఉంచాను. కాగితం ఆన్చి పెన్సిలుతో రుద్దితే అంకెలు శుభ్రంగా దిగాయి. తరువాత ఇంజిన్ నంబరు. ఇక్కడే చాలామంది అంబాసిడర్ యజమానులు చిక్కుకుంటారు. పెట్రోలు ధర భరించలేక ఒకప్పుడు మన జిల్లాలో చాలామంది పెట్రోలు ఇంజిన్ తీయించి మటడార్ వ్యాను డీజిల్ ఇంజిన్ వేయించుకున్నారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం అలాంటి మార్పుకు ముందుగా అనుమతి తీసుకుని సీ బుక్కులో రాయించుకోవాలి. ఆ పని చేయని బండ్లు నంబర్లు కలవక తనిఖీలో ఆగిపోతాయి. డీజిల్ ఇంజిన్ వేయించమని మేస్త్రీ స్వయంగా నాన్నగారికి ఎన్నోసార్లు చెప్పాడట. "ఇంజిను మాటెత్తితే మీ నాన్నగోరికి కోపమొచ్చీది" అని ఆయనే నాకు చెప్పాడు. ఆ కోపం పుణ్యమా అని మా బండి నంబర్లు పుట్టినప్పటివే. సీ బుక్కుతో సరిపోయాయి.

ఆ తరువాత లైట్లు, హారను, ఇండికేటర్లు, వైపర్లు, అద్దాలు, టైర్ల అరుగుదల చూశారు. వెనుక రిఫ్లెక్టరు ఒకటి పగిలి ఉందని పట్టుకున్నారు. ఎదురుగా ఉన్న విడిభాగాల కొట్టులో స్టిక్కరు కొని అంటించి చూపించాను. బండి కదిలించి బ్రేకు పరీక్షించేటప్పుడు నాకు గుండె దడదడలాడింది గానీ, సాలూరు కమానూ కొత్త లైనర్లూ తమ పని తాము చేశాయి. బండి గీత గీసినట్టు నిలబడింది. ఇన్‌స్పెక్టరుగారు వయసులో చిన్నవారే. కాగితం మీద సంతకం చేశాక, స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీని పట్టుకుని నాలుగు గేర్లూ ఏ వరసలో పడతాయో అడిగి తెలుసుకున్నారు. తమ తాతగారిది ఫియట్ అన్నారు. ఆ మాట మావయ్యకు చేరవేయడం నా బాధ్యత అనిపించింది, చేరవేశాను.

2027 జులై దాకా సీ బుక్కు వచ్చింది. మా అబ్బాయి నెక్సాన్ ఎలక్ట్రిక్ కొనాలని చూస్తున్నాడు. వాడికి టాటా అంటే పిచ్చి. మన దగ్గర ఆ కార్లకు బ్యాటరీ ఎక్కడ బాగుచేస్తారు అని నేను అడిగితే, ఇంజిన్ ఆయిలు మార్చే పనే లేని కారుకు మేస్త్రీ ఎందుకు అంటాడు. ఈ వాదనలో ఎవరిది పైచేయి అవుతుందో ఇప్పుడే చెప్పలేను.

ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. కనుక వచ్చేసారి ఖర్చు రెట్టింపు. ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీలు, అదే కింగ్ పిన్, కిట్టు కూడా అప్పటికి మార్చక తప్పదని మేస్త్రీ హెచ్చరించాడు. తయారీ ఆగి పదేళ్లు దాటిన బండికి ఆ సామాను ఏ రోజు మార్కెట్లో ఆగిపోతుందో తెలియదు కనుక, ఒక కిట్టూ, రెండు జతల వీల్ సిలిండర్ వాషర్లూ, ఒక కార్బురేటరు జెట్టూ ఇప్పుడే కొని గ్రీజు పూసి దాచి ఉంచాను.