మీట లేని ఉచ్చు

బ్లాకులతో లోకాలు కట్టే గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో ఉచ్చు పెట్టడం తేలికే. కాలు పడగానే పనిచేసే ప్రెషర్ ప్లేట్ వేసి దాని కింద టీఎన్‌టీ పాతిపెడితే చాలు. కానీ కొన్నాళ్లు ఆడినవాళ్లెవరూ దానికి చిక్కరు. గుహలో అడుగుపెట్టగానే నేల మీద ప్లేట్ ఉందేమో చూస్తారు, గోడల మధ్య ట్రిప్‌వైర్ దారం ఉందేమో చూస్తారు. చెస్ట్ గొళ్లెం చుట్టూ ఎర్రటి ఛాయ కనిపిస్తే దాని జోలికే పోరు. ఉచ్చులకని గేమ్ ఇచ్చిన సామాను మొత్తం వాళ్లకు కంఠతా వచ్చు. అలాంటివాళ్లను పట్టాలంటే గేమ్ చేసినవాళ్లు కూడా అనుకోని దారి వెతకాలి. గ్లిచ్‌ల మీద, అంటే గేమ్ కోడ్‌లోని పొరపాట్ల మీద, నాకు పిచ్చి పట్టింది అందుకే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది క్వాసీ కనెక్టివిటీ. 2011లో బీటా 1.7తో పిస్టన్లు, అంటే కరెంట్ అందగానే చేయి చాచి ఎదుటి బ్లాక్‌ను నెట్టేవి, వచ్చాయి. తలుపు కోసం రాసిన కోడ్ వాటిలోకీ వచ్చింది. తలుపు రెండు బ్లాకుల ఎత్తు ఉంటుంది కాబట్టి పైభాగానికి కరెంట్ తగిలినా తెరుచుకోవాలి. పిస్టన్‌కు ఆ పైభాగం లేదు. అయినా తన నెత్తిన ఉన్న ఖాళీకి కరెంట్ అందితే తనకే అందినట్టు లెక్కేసుకుంటుంది. గేమ్‌కున్న రెండు ఎడిషన్లలో జావాలో ఇది ఇప్పటికీ ఉంది, బెడ్‌రాక్‌లో లేదు. బగ్ అని ఆటగాళ్లు ఎన్నిసార్లు చెప్పినా గేమ్ చేసిన మోజాంగ్ కంపెనీ దాన్ని అలాగే ఉంచేసింది. మంచి పని చేసిందంటాను. ఆ మాటకొస్తే ఈ గేమ్‌కు గుర్తుగా నిలిచిన పచ్చటి రాక్షసి క్రీపర్ కూడా పంది బొమ్మ చేయబోయి పొడవు, ఎత్తు తారుమారు చేయడం వల్ల పుట్టిందే.

అసలు మజా ఇంకో చోట ఉంది. పిస్టన్‌కు రెండు బ్లాకుల పైన, కరెంట్ ఇచ్చే రెడ్‌స్టోన్ బ్లాక్ పెట్టినా, తీసేసినా ఆ సంగతి పిస్టన్‌కు వెంటనే తెలియదు. పక్కనే ఏదో ఒక బ్లాక్ మారితే తప్ప అది తన పరిస్థితి సరిచూసుకోదు. అంటే కరెంట్ ఎప్పుడో పోయినా పిస్టన్ చేయి చాచుకుని అలాగే ఉండిపోతుంది, ఎవరో ఒకరు కదిలించేదాకా.

నా ఉచ్చంతా దీని మీదే నడుస్తుంది. గోడలో, నేల మట్టానికే, స్టిక్కీ పిస్టన్‌ను, అంటే బ్లాక్‌ను వెనక్కి కూడా లాగేదాన్ని, అడ్డంగా పెడతాను. దాని చేయి ముందుకు చాచి ఒక రాతి బ్లాక్‌ను పట్టుకుని ఉంటుంది. గుహలోకి వచ్చినవాడికి నేలలా కనిపించేది ఆ రాయే. చాచిన చేతికి సరిగ్గా పైన, గోడలో, పాదాల ఎత్తున డైమండ్ ఓర్, అంటే వజ్రాలున్న రాయి, పెడతాను. ఇదంతా అయ్యాకే పైనున్న రెడ్‌స్టోన్ బ్లాక్ తీసేసి, ఆ ఖాళీని రాయితో పూడ్చేస్తాను. ఈ వరస తప్పకూడదు. ముందే కరెంట్ తీసేసి తర్వాత ఓర్ పెడితే, ఆ పెట్టడమే పిస్టన్‌ను మేల్కొలుపుతుంది. అన్నీ సరిగ్గా కుదిరితే ఆ గుహలో తీగ లేదు, ప్లేట్ లేదు, అసలు కరెంటే లేదు. ఓర్ పగలగొట్టిన క్షణంలో పిస్టన్ తెలివి తెచ్చుకుని చేయి వెనక్కి లాక్కుంటుంది. కాళ్ల కింద రాయి కూడా దానితోపాటే పోతుంది.

మా సర్వర్‌లో అందరికంటే జాగ్రత్తగా ఆడే ఒక ఫ్రెండ్ ఉన్నాడు. వాయిస్ చాట్‌లో ఉండగానే నా గనిలోకి వచ్చాడు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని అంగుళం అంగుళం జరిగాడు. నేలంతా చూశాడు. టార్చ్ వేసి పైకప్పు కూడా చూశాడు. డైమండ్ ముందు నిలబడి కాసేపు కదల్లేదు. నాకు లోపల ఒకటే టెన్షన్. చివరికి పికాక్స్ ఎత్తాడు. టక్ టక్ అని ఓర్ పగిలిన చప్పుడు, ఆ వెంటనే పిస్టన్ చప్పుడు, ఆ తర్వాత వాడి కేక. "ఒరేయ్! ఇక్కడ ప్లేట్ కూడా లేదు కదరా! ఎలా పడ్డాన్రా?" తిట్టలేదు. ఎలా చేశానో చెప్పేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.

ఆ ప్రశ్న కోసమే నేను ఇవన్నీ కడతాను. అందుకే నా గుంటల అడుగున నీళ్లు పోస్తాను. 23 బ్లాకుల లోతు తవ్వితే, పడే దెబ్బను తగ్గించే మంత్రాలున్న కవచం లేనివాడు కింద పడగానే చస్తాడు. ఆ లోతు తవ్వడం నాకూ వచ్చు. కానీ గంటల తరబడి పోగేసుకున్న సామాను పోయాక ఎవడికైనా కోపం తప్ప ఆశ్చర్యం ఎక్కడ మిగులుతుంది?

అన్ని గ్లిచ్‌లనూ నేను సమర్థించను. బుక్ బ్యాన్ అనేది ఒకటుంది. రాతలతో నింపిన పుస్తకాలను షల్కర్ బాక్సులనే పెట్టెల్లో కుక్కి ఆటగాడికి అంటగడతారు. ఆ డేటా బరువుకు అతని కనెక్షన్ తెగిపోతుంది. మళ్లీ లాగిన్ అయితే మళ్లీ తెగిపోతుంది. దాన్ని ఉచ్చు అనడానికి నాకు నోరు రాదు. ఉచ్చులో పడినవాడు ఆటలోనే ఉండాలి, బయటపడే దారి వెతుక్కునే వీలుండాలి. టీఎన్‌టీని పిస్టన్లతో నకళ్లు తీసే గ్లిచ్ కూడా అడగకుండా వాడకూడదు. పేపర్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్లలో మామూలుగా అది పనిచేయదు. మిగతా చోట్ల సర్వర్ నడిపేవాళ్లను ముందే అడగండి. సరదాగా ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

మా ఫ్రెండ్ ఇప్పుడు దీనికి విరుగుడు కనిపెట్టాడు. చేతికి నాలుగున్నర బ్లాకుల దూరం అందుతుంది కాబట్టి, ఏ ఓర్ కనిపించినా మూడు అడుగులు వెనక్కి వేసి కొడుతున్నాడు. సరే, మూడు బ్లాకుల అవతల నేలనే లాగుదామని పక్కనున్న బ్లాకులను అంటుకుని లాక్కొచ్చే స్లైమ్ బ్లాకులతో కొత్తది మొదలుపెట్టాను. స్లైమ్ వరసను ఒక అడుగు వెనక్కి లాగితే చివర్లో, సరిగ్గా వాడు నిలబడేచోట, గుంట తెరుచుకుంటుంది. పక్క బ్లాకులు అంటుకుని రాకుండా రెండు వైపులా పిస్టన్‌కు కదలని అబ్సిడియన్ పెట్టాను. పిస్టన్ కదిలించగల 12 బ్లాకుల హద్దు కూడా దాటలేదు. ఇక ఆ ఆకుపచ్చ స్లైమ్‌ను వాడి కంట పడకుండా ఎలా దాచాలన్నదే తేలడం లేదు. మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.