అడగకుండా తీసుకోగలిగే చీజ్ బోర్డు: నా అనుభవం

"మీరు, మీ పిల్లలు ఏమేమి తినరో చెప్పండి" అని అతిథులందరికీ ఒక సందేశం పంపడంతో నా చీజ్ బోర్డు పని మొదలైంది. ఏమి ఇష్టమో అడగలేదు. ఇష్టాలు అడిగితే మర్యాదకు అందరూ "ఏదైనా ఫర్వాలేదు" అంటారు. తిననివి అడిగితే నిజం చెబుతారు.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీలో. క్రిస్మస్‌కు ముందు శనివారం సాయంత్రం మావారి ఆఫీసువాళ్లు, మా వీధిలోవాళ్లు కలిసి పదహారు మంది వస్తామన్నారు. ఇక్కడ డిసెంబరు విందుల్లో భోజనానికి ముందు తినే చిరుతిళ్లను పెద్ద చెక్క పలక మీద పేర్చి పెట్టడం వాడుక. దాన్నే చీజ్ బోర్డు అంటారు. నాలుగైదు రకాల చీజ్, ప్రొషుటో, సలామీ లాంటి ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం, క్రాకర్లనే పలచటి ఉప్పు బిస్కెట్లు, ద్రాక్ష, ఆలివ్‌లు, జామ్, బాదం, పిస్తా. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని, నిలబడి కబుర్లు చెప్పుకుంటూ తింటారు. అతిథులు వచ్చే వేళకు పొయ్యి వెలిగించనక్కర్లేదన్న ఒక్క సుఖం కోసమే నేను దీనికి ఒప్పుకున్నాను. మిరపకాయ బజ్జీలు వేస్తూ వంటింట్లో నిలబడితే వచ్చినవాళ్లను పలకరించేదెవరు? పైగా నూనె పొగ కాస్త ఎక్కువైతే చాలు, పైకప్పుకు బిగించిన పొగ అలారం ఇల్లంతా అదిరేలా మోగుతుంది.

సందేశానికి జవాబులు వచ్చాయి. ఒక జైన కుటుంబం: ఉల్లి, వెల్లుల్లి, దుంపలు సరేసరి, అల్లం, తేనె, అంజీర కూడా తినరు. ఎదురింటి అమెరికన్ ఆవిడకు సీలియాక్ వ్యాధి, గోధుమ రవ్వంత తగిలినా పడదు. ఆఫీసులో ఒకాయన ముస్లిం, పంది మాంసం ముట్టరు. ఒక అమ్మాయికి ఏడో నెల. ఒక పిల్లవాడికి జీడిపప్పు, పిస్తా, నువ్వులు పడవు. ఇక ఇంట్లో మా అత్తయ్యగారు, రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు, గుడ్డు కలిసిన కేకు కూడా ముట్టరు.

జాబితా చదివి మావారు "పిజ్జా తెప్పిద్దాం" అన్నారు. పిజ్జాలో మాత్రం గోధుమ లేదా?

అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాను. పెద్ద బోర్డు మీద ఏది ఉన్నా వచ్చినవాళ్లలో ఎవరైనా సరే, "ఇందులో ఏముంది?" అని అడగకుండా తీసుకోగలగాలి. అలా కుదరనివన్నీ గదికి ఆ చివరన వేరే బల్ల మీద, వేరే చాకులతో, వేరే ఫోర్కులతో. మాంసం, గోధుమ క్రాకర్లు, పప్పులు, అంజీర జామ్, తేనె అన్నీ అటు వెళ్లిపోయాయి. ఒకే పలక మీద అటు మాంసం, ఇటు శాకాహారం పెట్టి మధ్యలో రోజ్‌మేరీ అనే సువాసన ఆకు రెమ్మ అడ్డం పెట్టడం చాలా ఇళ్లలో చూశాను. ఆ సరిహద్దును ఎవరూ పాటించరు. సలామీ తీసిన ఫోర్కే చీజ్‌లోకి వస్తుంది. ఇక సీలియాక్ ఉన్నవాళ్లకు క్రాకరు మీద గీసిన చాకు మళ్లీ చీజ్‌కు తగిలినా ప్రమాదమే.

అసలు చిక్కు చీజ్ దగ్గర వచ్చింది. పాలను గడ్డ కట్టించడానికి పాతకాలం నుంచి వాడే రెన్నెట్‌ను పాలు తాగే దూడల కడుపు పొర నుంచి తీస్తారు. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్‌కు అక్కడి నిబంధనల ప్రకారం అదే వాడాలి. కాబట్టి అది శాకాహారం కాదు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి పాస్తా మీద దాన్ని తురుముకుని తినే మన శాకాహారులు ఎందరో. అత్తయ్యగారికి ఇది చెప్పగానే దుకాణంలో చీజ్ వరుస ముందే నిలబడిపోయారు.

"దూడ కడుపులోదా? ఇన్నాళ్లూ నాకు పెట్టినవాటిలో అది లేదు కదమ్మా?"

"లేదు అత్తయ్యగారూ, మన ఇంటికి వచ్చేవన్నీ చూసే కొంటాను."

శిలీంధ్రాల నుంచి తీసే రెన్నెట్ ఉంది. సూక్ష్మజీవులను పులియబెట్టి అదే ఎంజైమును తయారు చేసే పద్ధతి కూడా ఉంది. దానికి అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ తయారయ్యే చీజ్‌లో చాలా భాగం దానితోనే చేస్తారు. పేచీ అంతా లేబుల్ దగ్గరే. చాలామంది "ఎంజైములు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు, అవి దేని నుంచి వచ్చాయో చెప్పరు. "మైక్రోబియల్" అనో "వెజిటేరియన్ రెన్నెట్" అనో స్పష్టంగా ఉన్నవే బుట్టలో వేశాను. అత్తయ్యగారు కళ్లజోడు సర్దుకుంటూ ప్రతి పొట్లం తిప్పి, నాచేత మళ్లీ చదివించారు. ఆ వరుస దాటేసరికి చాలాసేపే పట్టింది.

చివరికి తేలినవి నాలుగు. బాగా ముదిరిన తెల్ల చెడ్డార్, పొగ పట్టించిన గౌడా, మెత్తటి మేకపాల చీజ్, ఇంట్లో నిమ్మరసంతో విరిచిన పనీరు. పనీరుకు రెన్నెట్ గొడవే లేదు. నారింజ రంగు చెడ్డార్ కూడా ఒకటి కొంటే బోర్డుకు అందమని అనుకున్నాను. ఆ రంగు జాఫ్రా గింజలదే, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ రెండు చెడ్డార్‌లు ఒకే రుచి, ఎందుకు? అన్నీ పాశ్చరైజ్ చేసిన పాలవే తీసుకున్నాను. బ్రీ అనే మెత్తటి చీజ్ నాకు ఇష్టమైనా ఆ గర్భిణి అమ్మాయి తన డాక్టరు వద్దన్నారని చెప్పింది కాబట్టి అది ఆ చివరి బల్లకు వెళ్లింది. భోజనం వేరే ఉన్నప్పుడు మనిషికి 60 గ్రాముల చీజ్ చాలు. పదహారు మందికి కిలోకు కాస్త తక్కువ. భోజనానికి బదులు ఇదే పెట్టేటట్లయితే రెట్టింపు లెక్క వేసుకోవాలి.

ఇక క్రాకర్లు. గోధుమ లేని క్రాకర్లు దుకాణంలో దొరుకుతాయి. కొన్నిటిలో నువ్వులు, మిగిలినవాటిలో బాదం పిండి, ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి. ఒకటి కుదిరితే మరొకటి కుదరదు. ఆ అరల ముందు నిలబడి ఉండగా అత్తయ్యగారు "చెక్కలు చేద్దామా?" అన్నారు. ఎంత తేలికైన మాట! బియ్యప్పిండి చెక్కలో గోధుమ ఉండదు, గట్టిగా పలచగా ఉంటుంది, చీజ్ బరువు మోస్తుంది. పేరు పలుకలేని ఇటాలియన్ క్రాకర్ల కంటే రుచిలో ఎందులో తక్కువ?

అయినా మన ఇంటి పద్ధతిలో ఐదు మార్పులు కావలసి వచ్చాయి. నువ్వులు మానేశాం. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను కూడా ప్రధానమైన అలర్జీ పదార్థాల్లో చేర్చారు, పొట్లాల మీద తప్పనిసరిగా రాస్తున్నారు. ఇంగువ మానేశాం, ఎందుకంటే మనం కొనే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియకపోతే మొత్తం జాగ్రత్త అంతా వృథా. పూరీలు వేయించిన పాత నూనె పక్కన పెట్టి కొత్త నూనె పోశాం. బియ్యప్పిండి కూడా గోధుమ ఆడించని మిల్లులో ఆడించినదని పొట్లం మీద రాసి ఉన్నదే తెచ్చాను. ఐదోది అల్లం, అదీ మానేశాం.

"అల్లం లేకుండా చెక్కలేమిటమ్మా, చప్పగా ఉంటాయి" అన్నారు అత్తయ్యగారు.

"పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు కాస్త ఎక్కువ వేద్దాం అత్తయ్యగారూ. మీద చీజ్ పడుతుంది కదా."

మీద చీజ్ పడుతుందన్న మాటతో ఆవిడ లెక్క మారిపోయింది. ఉప్పు తగ్గించారు. ఎప్పుడూ చేసే సైజులో సగం, రెండంగుళాల వెడల్పు మించకుండా ఒత్తారు. చెక్క పొంగితే పైన పెట్టినది జారిపోతుందని ఒక్కొక్క దానికీ ఫోర్కుతో గాట్లు పెట్టారు. మంట మధ్యస్థంగా ఉంచి నురగ తగ్గేదాకా వేయించారు. రెండు రోజుల ముందే చేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టాం. వేడి మీద మూత పెడితే మెత్తబడతాయి.

తీపి పులుపుల కోసం క్రాన్‌బెర్రీ పచ్చడి. శరదృతువు నుంచి క్రిస్మస్ దాకా తాజా క్రాన్‌బెర్రీలు 340 గ్రాముల సంచుల్లో దొరుకుతాయి. అమెరికాలో పండేవాటిలో సగానికి పైగా విస్కాన్సిన్ రాష్ట్రంలోనే పండుతాయి. మన వాక్కాయ పులుపుకు దగ్గరి పులుపు. అందుకే ఇక్కడ తెలుగువాళ్లు వాటితో పప్పు, పులిహోర కూడా చేస్తారు. ఒక సంచి పళ్లకు 200 గ్రాముల బెల్లం, అర చెంచా ఉప్పు, చెంచా కారం, కొంచెం నీళ్లు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోత. పళ్లు టపటపా పగులుతుంటే పదినిమిషాల్లో ఉడికిపోతాయి. ఇంకా జారుగా ఉండగానే దించాలి. పళ్లను గట్టిపరిచే పెక్టిన్ వీటిలో ఎక్కువ కాబట్టి చల్లారాక తానే గట్టిపడుతుంది.

ఆ రోజు పేర్పు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పచ్చడి గిన్నె, ఆలివ్‌ల గిన్నె, దానిమ్మ గింజల గిన్నె ముందు పెట్టాను, ఎందుకంటే తర్వాత పెట్టాలంటే చోటుండదు. గిన్నెల చుట్టూ చీజ్‌లు దూరదూరంగా. మేకపాల చీజ్‌ను సగం ఎండు క్రాన్‌బెర్రీ తరుగులో, సగం కొత్తిమీరలో దొర్లిస్తే ఎరుపు, ఆకుపచ్చ రెండూ వచ్చేశాయి. చెడ్డార్‌ను చల్లగా ఉన్నప్పుడే కోశాను. కోసి బయట పెట్టాక ముప్పావుగంటకు రుచి విచ్చుకుంటుంది. చెక్కలు తడి పళ్లకు తగలకుండా ఒక అంచున వరుసగా. ద్రాక్షను నాలుగైదు పళ్ల గుత్తులుగా కత్తిరించి ఖాళీల్లో దూర్చాను. ఆపిల్ ముక్కలు నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీశాను. చుట్టూ రోజ్‌మేరీ రెమ్మలు పెడితే క్రిస్మస్ దండలా కనిపించింది. ముళ్ల ఆకులు, ఎర్ర పళ్లు ఉండే హాలీ కొమ్మలు ఇంకా అందంగా ఉంటాయి కానీ ఆ పళ్లు విషం. క్రిస్మస్‌కు గుమ్మానికి కట్టే మిసిల్‌టో కూడా అంతే. తినే పలక మీద తినకూడనిది పెట్టడం ఏ అలంకారమో నాకు అర్థం కాదు.

ఒక్కొక్క చీజ్‌కు ఒక్కొక్క చాకు ఉంచి, ఒక్కొక్క దాని నుంచి రెండు ముక్కలు నేనే కోసి పక్కన పెట్టాను. అది చేయకపోతే అందంగా ఉన్నదాన్ని మొదట పాడు చేసేవాళ్లం మనమెందుకని అందరూ చుట్టూ నిలబడి ఫొటోలు తీసుకుంటారు తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు.

కొసరి వడ్డించడం అలవాటైన అత్తయ్యగారికి ఈ "మీరే తీసుకోండి" పద్ధతి చివరిదాకా మింగుడు పడలేదు. కాసేపు ఓపిక పట్టి, పళ్లెంలో చెక్కలు, పనీరు, పచ్చడి సర్దుకుని గదంతా తిరిగి చేతికి అందించారు. జైన కుటుంబంలో పెద్దావిడకు హిందీ, గుజరాతీ తప్ప రావు, మా అత్తయ్యగారికి తెలుగు తప్ప రాదు. ఇద్దరూ సోఫాలో కూర్చుని ఆ చెక్కను తుంచి చూసుకుంటూ పిండి సంగతులు చేతులతోనే మాట్లాడుకున్నారు. నువ్వులు పడని పిల్లవాడి తల్లి మొదట అలవాటు కొద్దీ ప్రతిదీ అడిగింది. నియమం చెప్పాక పిల్లవాణ్ణి బోర్డు దగ్గర వదిలి తాను వెళ్లి కాఫీ తెచ్చుకుంది. అలర్జీ ఉన్న పిల్లల తల్లులకు విందులో అలాంటి తీరిక అరుదు.

త్వరగా పాడయ్యే పదార్థాలు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని ఇక్కడి ప్రభుత్వ ఆహార భద్రతా సలహా. అందుకే మొత్తం చీజ్ ఒకేసారి పెట్టకుండా సగం ఫ్రిజ్‌లో ఉంచి, ఖాళీ అయిన చోట నింపుతూ వచ్చాను. దాంతో ఆలస్యంగా వచ్చినవాళ్లకు కూడా బోర్డు నిండుగానే కనిపించింది. ఫ్రిజ్‌లో మిగిలిన చెడ్డార్ మర్నాడు పొద్దున దోసెల్లోకి వెళ్లింది. పచ్చడిని మావారు వేడన్నంలో కలుపుకుని ముగించారు.

ఎదురింటావిడ మాత్రం చెక్కల కొలతలు రాసిమ్మని ఆదివారం ఇంటికి వచ్చారు. అత్తయ్యగారి కొలత దోసిలి. ఆవిడ దోసిలితో పోస్తుంటే నేను తూకం మీద పట్టి రాశాను: బియ్యప్పిండి 500 గ్రాములు, వెన్న 60, నానబెట్టక ముందు పెసరపప్పు 50. వేడినీళ్ల దగ్గర ఆగిపోయాం. "పిండి అడిగినన్ని" అని అత్తయ్యగారు, అది ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక నేను. చివరకు 375 మిల్లీలీటర్ల దగ్గర ఇద్దరం రాజీ పడ్డాం, అదీ "కొంచెం కొంచెంగా పోయాలి" అని పక్కన రాస్తేనే.