4 జీబీ రాస్‌ప్‌బెర్రీ పై మీద రోజువారీ పని: ఇప్పటిదాకా

ప్రస్తుతం నా డెస్క్‌టాప్ రాస్‌ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టేంత, ఒకే బోర్డు మీదున్న కంప్యూటర్), 4 జీబీ ర్యామ్ మోడల్. 2019లో వచ్చిన బోర్డు, నాలుగు కార్టెక్స్ ఏ72 కోర్లు, ఊరికే ఉన్నప్పుడు మూడు వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, బాగా కష్టపెడితే ఆరేడు. ప్రాసెసర్ చాలుతుందా అని అందరూ అడుగుతారు గానీ వాడకంలో అది అడ్డుపడేది తక్కువే. అడ్డుపడేవి రెండు: మెమరీ కార్డు, బ్రౌజర్.

కార్డు సంగతి ముందు. మైక్రోఎస్‌డీ నుంచి పెద్ద ఫైలు వరసగా చదవడం ఫర్వాలేదు, కానీ డెస్క్‌టాప్ పని అలా ఉండదు కదా, చిన్నచిన్న రాతలు అక్కడక్కడా పడుతూనే ఉంటాయి, బ్రౌజర్ క్యాష్ ఒక్కటి చాలు మెషీన్‌ని కదలకుండా చేయడానికి. అందుకే సిస్టమ్ మొత్తం యూఎస్‌బీ 3కి తగిలించిన సాటా ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చాను (నీలం పోర్టులే యూఎస్‌బీ 3వి, నల్లవాటిలో పెడితే సగం లాభం పోయినట్టే). నా దగ్గరున్న అడాప్టర్ మధ్యమధ్యలో డిస్కుని వదిలేసేది, కెర్నెల్ లాగ్‌లో చూస్తే యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కుతో వేగంగా మాట్లాడే పద్ధతి) ఎర్రర్లు. కమాండ్ లైన్ ఫైల్లో యూఎస్‌బీ స్టోరేజ్ క్విర్క్స్ కింద ఆ అడాప్టర్ ఐడీ రాసి యూఏఎస్ ఆపేశాక కుదురుకుంది, వేగం కొంచెం తగ్గింది, అంతే. ఇంకోటి, యూఎస్‌బీ 3 డిస్కు పక్కనే ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై నీరసపడుతుంది, 5కి మారిపోవడమే మేలు.

స్వాప్‌ని (ర్యామ్ నిండితే మిగిలింది పెట్టుకునే చోటు) డిస్కు మీంచి తీసేసి జెడ్‌ర్యామ్ పెట్టాను, 2 జీబీ, జెడ్‌ఎస్‌టీడీ కంప్రెషన్‌తో. మామూలుగా 60 ఉండే స్వాపీనెస్‌ని (స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే సెట్టింగ్) 100 చేశాను, ఎందుకంటే ఇక్కడ స్వాప్ అంటే డిస్కు దాకా పోవడం కాదు, ర్యామ్‌లోనే కుదించి పెట్టుకోవడం.

ఇక బ్రౌజర్. ఏ సెట్టింగ్ మార్చినా, యాడ్‌లని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఇచ్చినంత తేడా రాలేదు. అసలు పేజీల బరువులో ఎక్కువ భాగం మనం చదవడానికి వచ్చినది కాదు. వీడియోకి ఇంకో చిక్కు ఉంది: పై 4లో హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌కి హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది, వీపీ9కీ ఏవీ1కీ లేదు, యూట్యూబ్ ఏమో ఎక్కువగా ఆ రెండిటిలోనే పంపిస్తుంది. హెచ్.264నే అడిగే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకుంటే చాలావరకు తీరుతుంది, లేదంటే లింకుని ఎంపీవీ ప్లేయర్‌కి ఇచ్చి 720పీలో చూస్తాను. విచిత్రం ఏంటంటే 2023లో వచ్చిన పై 5లో ఆ హెచ్.264 డీకోడరే తీసేశారు, కోర్లు గట్టివి కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో లాగించేస్తాయని.

ఎలక్ట్రాన్‌తో కట్టిన యాప్ ఒక్కటి కూడా ఉంచలేదు. రెండు ముక్కల మెసేజ్ పంపడానికి ప్రతిదీ తన సొంత క్రోమియం బ్రౌజర్‌ని వెంటేసుకుని వస్తుంది, గోరంత పనికి కొండంత మోత. చాట్ బ్రౌజర్ ట్యాబులో, కోడ్ జీనీలో, మెయిల్ క్లాజ్ మెయిల్‌లో, లెక్కలు న్యూమెరిక్ స్ప్రెడ్‌షీట్‌లో. లిబ్రేఆఫీస్ తెరుచుకోవడానికి టైమ్ తీసుకుంటుంది గానీ తెరుచుకున్నాక పేచీ పెట్టదు. డిల్లో బ్రౌజర్ వేగం చూస్తే ముచ్చటేస్తుంది, కానీ జావాస్క్రిప్ట్ లేదు, నా వెర్షన్‌లో తెలుగు ఒత్తులు చెల్లాచెదురు, కాబట్టి ఇంగ్లిష్ డాక్యుమెంటేషన్ చదవడానికే వాడుతున్నాను.

కరెంటు దగ్గర పొదుపు చేయొద్దు. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, ఫోన్ ఛార్జర్ పెడితే వోల్టేజ్ పడిపోయి బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మనమేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. వేడికి కూడా అంతే, 80 డిగ్రీలు దాటితే నెమ్మదిస్తుంది. హీట్‌సింక్‌లా పనిచేసే అల్యూమినియం కేసు వేశాను, ఫ్యాన్ లేదు, ఆ దరిదాపులకి పోవడం లేదు.

తేలనిది వీడియో కాల్స్. ఒకరితో అయితే సరే, నలుగురు చేరితే మాట వెనకబడుతోంది, స్క్రీన్ షేర్ అసలు కుదరట్లేదు. అవి మాత్రం ఇంకా ఫోన్లోనే.