కోనాడ నుంచి చింతపల్లి దాకా దిబ్బల మీదుగా

విజయనగరం జిల్లాకు సముద్రం ఉందంటే ఆశ్చర్యపోయేవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు. ఉన్న తీరం కొంచెమే, అదీ భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. బీచ్ అనగానే అందరం భీమిలికో విశాఖకో పరిగెడతాం. ఈ తీరాన్ని ఒకసారి కాలినడకన చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. సంక్రాంతి సందడి సద్దుమణిగాక, ఎండలు ముదరకముందే, నేనూ మా వదినా బయల్దేరాం. నాతవలస దగ్గర హైవే ఎక్కి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని కోనాడలో దిగాం.

కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది. గజపతినగరం, నెల్లిమర్లల మీదుగా వచ్చే ఏరే ఇది. జనవరిలో ఏట్లో నీళ్లెక్కడుంటాయి? పలచటి పాయ ఒకటి ఇసుకను కోసుకుంటూ మెల్లగా అలల్లోకి జారుకుంటోంది. చేతిలో చెప్పులు పట్టుకుని ఒకావిడ మోకాలిలోతు నీళ్లలో దాటి వచ్చేసింది.

అక్కడి నుంచి ఒడ్డున కాకుండా, పైన దిబ్బల మీద నడిచాం. కింద తడి ఇసుక మీద నడక తేలికే గానీ, పైనుంచి కనిపించేంత తీరం కింద కనిపించదు. ఒకవైపు సరుగుడు తోటలు, మొగలి పొదలు, దూరంగా తాటితోపులు. రెండోవైపు దిబ్బ నిలువునా తెగి, కింద నురగ. అలలు కోసేసిన చోట వేళ్లు గాలిలో వేలాడుతున్న చెట్లు కనిపించాయి. అలాంటి అంచుల దగ్గరకు వెళ్లకూడదు, కాలి కింద ఇసుక చెప్పకుండా జారిపోతుంది. వదిన నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు వెనక్కి లాగింది.

పైనుంచి చూస్తే తెల్లటి ఇసుకలో అక్కడక్కడా నలుపు, ముదురు ఎరుపు చారలు కనిపిస్తాయి. నూనె మరకలేమో అనుకుంటారు చాలామంది. కాదు. తూర్పు కనుమల్లోని ఖొండలైటు రాళ్లు అరిగి, ఏర్ల వెంట కొట్టుకొచ్చిన గార్నెట్, ఇల్మనైట్ అనే ఖనిజాల రేణువులవి. బరువైనవి కాబట్టి తేలిక ఇసుకను అల లాక్కుపోయినా ఇవి వెనకే ఉండిపోతాయి. గుప్పెడు తీసి అరచేతిలో పరిస్తే ఎర్రటి గింజలు ఎండకు మెరిశాయి.

ఈ ఊళ్ల నుంచి తారురోడ్లు చాలామటుకు హైవే వైపే పోతాయి. పక్క ఊరికి బండి మీద వెళ్లాలన్నా చుట్టు తిరగాలి. దిబ్బల మీది కాలిబాట మాత్రం తిన్నగా ఊరి నుంచి ఊరికి పోతుంది. ఆ బాటను ఎవరు వేశారో కాసేపటికే తెలిసింది. నెత్తిన చేపల గంపలతో ముగ్గురు ఆడవాళ్లు ఎదురొచ్చారు. పెద్దావిడ ఆగి, "ఏటమ్మా, ఇలాగ నడిసెల్తన్నారు? ఆటో దొరకలేదేటి?" అని అడిగింది. సముద్రం చూడ్డానికి వచ్చామని వదిన చెప్పింది. "సముద్రం ఎక్కడికెల్తాదమ్మా, ముందల నీల్లు తాగండి" అని సీసా ఇచ్చింది. గంపలో కవ్వళ్లు. తోటి వాళ్లు పిలుస్తున్నా, మేం తాగేదాకా ఆగింది. ఇలాంటి బాటను ఏ పటంలోనూ చూపించరు. ఇన్ని తరాల గంపల బరువు మోసిన దారికి ఒక్క గీతైనా లేకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తిప్పలవలసలో ఎక్కువసేపు ఆగిపోయాం. రామకోవెల అరుగు మీద ఒక ముసలాయన వల బాగుచేస్తున్నాడు. చిరిగిన కన్నును ఎడమ కాలి బొటనవేలికి తగిలించి, బిగించి పట్టుకుని, దారం చుట్టిన చిన్న కర్ర సూదిని లోపలికి పోనిచ్చి, ముడి వేసి, పంటితో ఒక్క లాగు. చూపు వల మీద లేదు, మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. ప్రతి కన్నూ మాత్రం ఒకే కొలత. ఊళ్లో కుర్రాళ్లు కనిపించరేం తాతా అంటే, గుజరాత్ వెళ్లారన్నాడు. వెరావల్‌లో బోట్ల మీద పని.

ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఇళ్లల్లో వెరావల్ పేరు తెలియనివాళ్లు ఉండరు. 2018 నవంబరులో అక్కడి బోట్లలో వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మనుషుల్ని పాకిస్థాన్ పట్టుకుంది. వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. ఇంటి ముందే ఇంత సముద్రం పెట్టుకుని, దేశం ఆ చివరికి వెళ్లి వేరేవాళ్ల బోటెక్కాల్సి వస్తోంది. ఇక్కడ బోటు నిలబెట్టుకోవడానికి జెట్టీ లేదు, అలల మీదకు తోసుకుంటూ వెళ్లాలి, మళ్లీ ఇసుక మీదకు లాక్కోవాలి. ఒక మంచి జెట్టీ కట్టిస్తే ఈ ఊళ్లలో ఎంతమంది ఇంటి దగ్గరే ఉండిపోతారో కదా అనిపించింది.

చింతపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక్కడ ఒడ్డున ఇసుకతో పాటు నల్లటి రాళ్లున్నాయి, అలలు విరిగి పైకి లేస్తున్నాయి. పక్కనే కొండ, దాని మీద లైట్‌హౌస్. ఇంగ్లీషువాళ్ల కాలంలో శాంతపిల్లి లైట్ అని రాసుకున్నది దీన్నే. 1847లో పెట్టారు. భీమునిపట్నం రేవుకు వెళ్లే ఓడలు ఇక్కడి రాళ్లకు కొట్టుకోకుండా హెచ్చరించడానికి. ఆ రాళ్లు ఒడ్డుకు దగ్గర్లో లేవు, పది కిలోమీటర్ల దూరంలో నీళ్ల కింద ఉన్నాయి.

కొండ పాదం దగ్గర తెప్పకు తాళ్లు కడుతున్న ఒకాయన్ని ఆ రాళ్ల గురించి అడిగాను. "ఓడలోల్లకి బయ్యిం గానీ మాకేటి బయ్యిం? రాయి కాడే సేప" అన్నాడు. వంజరం అక్కడే పడుతుందట. మరి నీళ్ల కింద ఉన్నది ఎలా తెలుస్తుంది? తాటితోపు వైపు ఒక చెయ్యి, వెనక కొండ వైపు ఒక చెయ్యి చాపి చూపించాడు. ఆ రెండూ ఒక వరసలోకి వచ్చాక, పక్కన ఇంకో గురుతు చూసుకుని వల వేస్తారు. వాళ్ల నాన్న చూపించిన గురుతులే తన కొడుకుకూ నేర్పాడు. ఆ కొడుకు ఇప్పుడు చెన్నైలో ఉన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లు తెల్లారేసరికి కోనాడలో ఉండండి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి, దారిలో కొట్లు లేవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. చేపలు కొనాలనుకుంటే మాత్రం గంపతో ఎదురొచ్చినవాళ్ల దగ్గరే కొనండి, బేరమాడకుండా.