పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో పెట్టి పంచే వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29:11 కచ్చితంగా ఉంటుంది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట వచ్చినవాళ్లు ఈ ఏడు ఉద్యోగమో పెళ్లో ఖాయమనుకుని ఇంటికెళ్తారు. దానికి సరిగ్గా పైనున్న వచనం మాత్రం ఏ కార్డు మీదా అచ్చు పడదు. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం ఇది. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని దేవుడు చెప్పింది అక్కడే. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ నేలమీదే కన్నుమూయాలి. వాగ్దానం వాళ్లదే గానీ, దాన్ని కళ్లారా చూసేది వాళ్ల మనవలు.

ముందు అధ్యాయం కూడా చదివితే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. హనన్యా అనే ప్రవక్త చెరలోకి పోయినవాళ్లూ, దేవాలయపు వస్తువులూ అన్నీ రెండేళ్లలో తిరిగి వచ్చేస్తాయని దేవాలయంలో, అందరి ముందు, యెహోవా పేరు చెప్పి మరీ ప్రకటించాడు. యిర్మీయా కూడా "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు. వినడానికి ఎవరికి చేదు? కానీ ఆ మాట దేవుడు పంపింది కాదు. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు. "ఫలానా నెలలోపు నీకు జరుగుతుంది" అని తేదీ పెట్టి ప్రవచనం చెప్పేవాళ్లు ఈ రోజుల్లోనూ తక్కువేమీ లేరు. తేదీతో పాటు కానుక మొత్తం కూడా చెబితే అక్కడ ఇంకా ఆలోచించాల్సిందేమీ లేదు, లేచి వచ్చేయడమే.

మరి ఆ డెబ్బై ఏళ్లు ఏం చేయమన్నాడు? 5 నుంచి 7 వచనాల్లో ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. దేవుని కోసం ఎదురుచూడడమంటే మిగతా బతుకునంతా ఆపుకుని కూర్చోవడం అనుకుంటాం. హైదరాబాద్ అశోక్‌నగర్‌ రూముల్లో గ్రూప్స్ ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం చూసే పిల్లలు, అమెరికాలో గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి ఉన్న కుటుంబాలు, సంబంధం కుదరని అమ్మాయిలు, అందరి నోటా ఒకటే మాట: "అది అయ్యాక చూద్దాం." సంఘంలో సభ్యత్వం అది అయ్యాకే, సండే స్కూల్లో పాఠం చెప్పడం అది అయ్యాకే, చుట్టాలింటికి వెళ్లడం కూడా అది అయ్యాకే. యిర్మీయా ఉత్తరం ఈ అలవాటు మీదే దెబ్బ కొడుతుంది. మీరు దేనికోసం చూస్తున్నారో అది మీ చేతిలో లేదు సరే. దానివల్ల ఆగిపోయిన మిగతా పనులు ఓ కాగితం మీద రాసి చూడండి. అందులో చాలావరకు నిజానికి ఆగాల్సిన అవసరం లేనివే ఉంటాయి.

ఓపిక ఎక్కడ తెగుతుందో చూడాలంటే 1 సమూయేలు 13 దగ్గర కాసేపు ఆగాలి. తను వచ్చి బలి అర్పించేవరకు ఏడు రోజులు ఆగమని సమూయేలు ప్రవక్త సౌలు రాజుకు చెప్పాడు. సౌలు ఆగాడు. ఏడో రోజు వరకూ వచ్చాడు! ఈ సంగతి మనం గమనించం, అతనిది మొదటి నుంచీ తొందర స్వభావమే అన్నట్టు మాట్లాడతాం. అసలు జరిగింది వేరు. ఎదురుగా ఇసుక రేణువుల్లా ఫిలిష్తీయులు. ఇటు తనవాళ్లు గుహల్లో, పొదల్లో దాక్కుంటున్నారు, ఒక్కొక్కరే జారుకుంటున్నారు. మూడు వేలమందిని ఏర్పరచుకున్న రాజు దగ్గర చివరికి లెక్క తేలింది ఆరు వందలు. సౌలు చూపు రోజుల మీద నుంచి జనం లెక్క మీదికి మళ్లింది. బలి తనే అర్పించాడు, అది ముగిసిందో లేదో సమూయేలు వచ్చేశాడు. సంజాయిషీలో సౌలు చెప్పిన మూడు కారణాలూ నిజాలే: జనం చెదిరిపోతున్నారు, నువ్వు రాలేదు, శత్రువు దగ్గరికొచ్చేశాడు. ఆజ్ఞ ఒక్కటే అందులో లేదు.

మన దగ్గరా ఇంతే జరుగుతుంది. తోటివాళ్లందరికీ పెళ్లిళ్లయిపోయాయి, తమ్ముడు సెటిలైపోయాడు, చుట్టాలు ఫోన్ చేయడం మానేశారు అన్న లెక్క మొదలైన రోజున ప్రార్థన మారిపోతుంది. అప్పటివరకు తప్పనిపించిన సంబంధం, అప్పటివరకు వద్దనుకున్న లంచం, "దేవుడు తెరిచిన తలుపు" అయిపోతాయి. అలాంటి రోజున ఏ నిర్ణయమూ తీసుకోకుండా కనీసం ఓ వారం ఆగి, ఈ విషయంలో మీతో లాభనష్టాలు లేని ఇద్దరు పెద్దలకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకరు చాలరు. ఆ ఒకరిని మనకు నచ్చిన మాట చెప్పేవారిగానే ఎంచుకుంటాం.

ప్రార్థనకు 13వ కీర్తన మంచి దారి. ఉన్నవి ఆరు వచనాలే. మొదటి రెండూ ఫిర్యాదు: ఎన్నాళ్లవరకు, ఎంతవరకు అని దావీదు అడిగిందే అడుగుతాడు. తర్వాతి రెండూ మనవి. చివరి రెండింటిలో దేవుని కృపను నమ్ముకున్నానంటాడు, పాడతానంటాడు. పది పదిహేను నిమిషాలు చాలు. మీ ఫిర్యాదు మీ మాటల్లోనే, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. తర్వాత ఒక్క మనవి, ఒక్కటే. తర్వాత దేవుడు ఇదివరకు మీకు చేసిన మేలు ఒకటి పేరుపెట్టి చెప్పండి. దీన్ని చెడగొట్టే దారులు రెండు. మొదటి భాగం దాటేసి నేరుగా స్తోత్రాల్లోకి దూకితే లోపలి బాధ అక్కడే ఉండి పుండవుతుంది. మొదటి భాగంలోనే ఆగిపోతే అది ప్రార్థన వేషంలో ఉన్న దిగులు. నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య దావీదు పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదని కూడా చూడండి.

శుక్రవారం ఉపవాసం గురించి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తర్వాత స్పృహ తప్పడం. డాక్టర్‌ని అడగకుండా చేయొద్దు. ఫోన్ కట్టేసి ఆ సమయం ప్రార్థనకు పెట్టినా సరిపోతుంది. ఇంకో మాట, ఉపవాసం దేవుని ముందు నిరాహార దీక్ష కాదు. జబ్బుపడిన బిడ్డ కోసం దావీదు తిండి మాని నేలమీద పడి ఉన్నాడు. ఏడో రోజున బిడ్డ పోయాడు. దావీదు లేచి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం చేశాడు.

పిల్లల కోసం ఎదురుచూసే దంపతుల్లో "ప్రార్థిస్తున్నాం కదా" అని ఆస్పత్రికి వెళ్లకుండా ఉండిపోయేవాళ్లున్నారు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే. పరీక్షలు ఇద్దరికీ చేయాలి, వీర్య పరీక్ష వాయిదా వేసి ఆమెను మాత్రమే తిప్పడం అన్యాయం, పైగా కాలం వృథా. ఇది అవిశ్వాసం అనేవాళ్లకు పుండుతో చావు దాకా వెళ్లిన హిజ్కియా రాజును గుర్తు చేయండి. ఇంకా పదిహేనేళ్లు బతుకుతావని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు.

మన నేలమీదే ఒక ఉదాహరణ ఉంది. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అమెరికాలోని ఆ మిషన్ సంస్థవాళ్లు చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. ఆ మిషనరీ, క్లౌ దొర, ఒంగోలు చేరింది 1866లో. 1867 జనవరి 1న సంఘం ఎనిమిదిమందితో మొదలైంది. తర్వాత 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి పని చూపించాడు. జనం బాప్తిస్మం అడిగారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. ఏళ్ల తరబడి ఎవరూ రావడం లేదని ఎదురుచూసిన మిషన్, వస్తున్నవాళ్లను ఆగమంది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను అందరం చెప్పుకుంటాం. దానికి ముందు ఆపి ఉంచిన నెలలు నాకు అంతకంటే పెద్దవిగా కనిపిస్తాయి.

అన్ని ఎదురుచూపులూ ఇలా ముగియవు. పౌలు తనను వేధిస్తున్న బాధను, తన మాటల్లో శరీరంలోని ముల్లును, తీసేయమని మూడుసార్లు అడిగాడు. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును." ఆ తర్వాత నాలుగోసారి అడిగినట్టు లేదు. దేవుడు కాదన్నాడని తెలిశాక అదే మనవిని ఇంకా గట్టిగా అరిచి అడగడం విశ్వాసం అనిపించుకోదు. ఏ జవాబూ రాకపోతే మాత్రం లూకా 18లో న్యాయాధిపతిని వదలకుండా అడిగిన విధవరాలిలా అడుగుతూనే ఉండొచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియడానికే పైన చెప్పిన ఇద్దరు పెద్దలు.

సంఘ పెద్దలకు ఒక పని. ప్రార్థన మనవుల జాబితాలో కొత్త పేర్లు చేరేకొద్దీ పాత పేర్లు జారిపోతాయి, వాళ్ల సమస్య తీరిందో లేదో ఎవరూ అడగరు. ఒక్కో పేరుకు ఇద్దరేసి మనుషుల్ని ఏడాదికి సరిపడా అప్పగించండి. వాళ్లు నెలకోసారి ఫోన్ చేయాలి, "ఏమైనా విశేషమా?" అని మాత్రం అడగొద్దు. "ఈ నెల దేనికోసం ప్రార్థించమంటావమ్మా?" అనడం చాలు. సాక్ష్యాల సమయంలో జవాబు వచ్చినవాళ్లకే మైకు ఇవ్వకుండా, ఇంకా రానివాళ్లలో ఇష్టమున్న ఒకరికీ రెండు నిమిషాలు ఇవ్వండి.