ఒడ్డున నిలబడ్డవాళ్లు

"లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె..." గజేంద్ర మోక్షంలోని ఈ పద్యాన్ని బడిలో బట్టీపట్టి గడగడా అప్పజెప్పినవాళ్లమే మనమంతా. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగి, లోపల రాడ్ వేయించుకుని మంచాన పడ్డాక మళ్లీ చదివితే అది అచ్చం కేస్ షీట్‌లా ఉంది. బలం బొత్తిగా లేదు, ధైర్యం నిలవడం లేదు, మూర్ఛ వస్తోంది, ఒళ్లు డస్సిపోయింది. ఎక్కడా దాపరికం లేదు. "బాగానే ఉన్నాను స్వామీ" అనే మొహమాటం అసలే లేదు.

దానికి కాస్త ముందు ఇంకా గట్టి మాట ఉంది: "కలడు కలండనెడు వాడు కలడో లేడో". ఉన్నాడో లేడో అన్న నోటితోనే రమ్మని పిలిచాడు గజేంద్రుడు. పిలుపు అందింది కూడా. అర్ధరాత్రి నొప్పితో నిద్రపట్టక "నాకే ఎందుకిలా" అనుకున్నవాళ్లు తమ భక్తి తరిగిపోయిందని బెంగపడక్కర్లేదు.

పైగా ఆ ఏనుగు మొదటిరోజే చేతులెత్తెయ్యలేదు, వేయేళ్లు పెనుగులాడింది. అందుకే ఫిజియోథెరపీ కూడా ప్రార్థనలో భాగమేనని నా లెక్క. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి పట్టమంటారు. తొడ గజగజా వణుకుతుంది, నుదుట చెమట పడుతుంది. అంకెలు లెక్కపెట్టే బదులు ఒక్కో పాదం చదువుతూ పట్టి ఉంచుతాను. "రావే యీశ్వర" దగ్గరికొచ్చేసరికి గొంతు దానంతటదే పెరుగుతుంది. పక్కింటివాళ్లు నన్ను మహాభక్తుడనుకుంటున్నారేమో!

చూడ్డానికి వచ్చినవాళ్లు "తలకు వచ్చింది తలపాగాతో పోయింది, దేవుడికి దండం పెట్టుకో" అంటారు. నిజమే. కానీ కాలు కింద పెట్టలేనివాడికి ఆ మాట అంత తొందరగా ఎక్కదు. నాకు దండం పెట్టాలనిపించింది ఇంకో పద్యం దగ్గర. మొసలితో ఒంటరిగా పోరాడుతున్న గజరాజును విడిచి "పోవఁ గాళ్ళు రాక" ఆడ ఏనుగులు అలా చూస్తూ ఉండిపోయాయంటాడు పోతన. సాయం చెయ్యలేవు, వెళ్లిపోనూ లేవు. ఆస్పత్రిలో స్టూల్ మీద కూర్చునే కునుకు తీసినవాళ్లు, బెడ్‌పాన్ అందించినవాళ్లు, వాకర్ వెనక రెండు చేతులూ చాచి నడిచే అమ్మ, అందరూ ఆ ఒడ్డునే ఉన్నారు. నా నొప్పికి మాత్రలున్నాయి, వాళ్ల టెన్షన్‌కి లేవు.

చక్రం వచ్చి మొసలి తల తెగాక, శ్రీహరి చెయ్యి తగలగానే గజరాజు ఒంట్లో తాపం చల్లారింది. నాకు ఆ చల్లదనం నెలల తరబడి, కొంచెం కొంచెంగా అందుతోంది. ముందు మోకాలు వంగింది, తర్వాత వరండా దాకా నడక వచ్చింది.

ఆ వెంటనే వచ్చే కందపద్యాన్ని చాలామంది దాటేస్తారు. "కరమున మెల్లన నివురుచు" అని మొదలవుతుంది. "హరికతమున" బతికిన ఆ ఏనుగు, ఒడ్డున కాచుకున్న తనవాళ్లను తొండంతో మెల్లగా నిమిరింది. కథ పేరే మోక్షం, అయినా దానికంటే ముందు పోతన ఈ పలకరింపుకి ఒక పద్యం ఇచ్చాడు. ఈ వరస నాకు భలే నచ్చింది.

నన్ను లేపీ లేపీ అమ్మకు నడుం నొప్పి పట్టుకుంది. ఇప్పుడు పొద్దున్నే నా ఎక్సర్‌సైజులు అయ్యాక, డాక్టరు రాసిచ్చిన రెండు రకాలు ఆవిడ చేత కూడా చేయిస్తున్నాను. పద్యం మాత్రం ఆవిడే చదువుతుంది, నాకంటే బాగా వచ్చు.