పొట్ట తిప్పితేనే పేరు: పానగల్ నుంచి సోమశిల దాకా

జూలైలో నాలుగు మంచి వానలు పడ్డాక, ఎండ ఎక్కకముందే నల్గొండ పక్కనున్న పానగల్ చేరాం. ఉదయసముద్రం చెరువు కింది మడుల్లో నీళ్లు నిలిచిన రోజులివి, ఎండ్రకాయలు చూడ్డానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. గట్టు పక్కన బొరియలు చాలానే ఉంటాయి. నోటి దగ్గర తడిమట్టి ఉండలు తాజాగా కనిపిస్తే లోపల ఎండ్రకాయ ఉన్నట్టు. ఎండిన బొరియల్లో చెయ్యి పెట్టొద్దు, వాటిల్లో పాములు చేరతాయి.

పట్టేటప్పుడు వెనక నుంచి డొప్పకు రెండు పక్కలా వేళ్లు పెట్టి ఎత్తాలి. కాలు పట్టి లాగితే కాలే చేతికొస్తుంది. ఆపదలో అది ఒంటికి దగ్గరగా కాలును తానే తెంపుకుంటుంది. తర్వాత కుబుసం విడిచినప్పుడల్లా ఆ కాలు కొంచెం కొంచెం పెరుగుతుంది.

ఇక వెల్లకిలా తిప్పి చూడాలి. రొమ్ము కిందికి మడిచి పెట్టుకున్న పలక దాని పొట్ట. సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఇలా పొట్ట పొట్టిగా మడతపడి ఉండడం వల్లే వీటిని బ్రాకియూరా అంటారు, పొట్టి తోకవి అని ఆ మాటకు అర్థం. తలకు 5, రొమ్ముకు 8, పొట్టకు 6 ఖండాలున్నవన్నీ మలకోస్ట్రాకా విభాగం, ఎండ్రకాయా అందులోదే. రొమ్ములోని 8 జతల్లో ముందు 3 జతలు నోటికి సాయంగా మారిపోగా 5 జతలు కాళ్లుగా మిగిలాయి. అవే పది కాళ్లు, అందుకే ఎండ్రకాయలు, రొయ్యలు ఉండే క్రమానికి డెకాపోడా అని పేరు.

రంగు చూసి జాతి పేరు పెట్టేవాళ్లే ఎక్కువగా పొరబడతారు. బురద వల్లా, కుబుసం విడిచిన కొత్తలోనూ రంగు మారిపోతుంది. ఎదిగిన మగదాని పొట్ట పలక ఎత్తి, కింద ఉన్న మొదటి జత సంగమాంగాల ఆకారం చూస్తేనే జాతి ఖాయంగా తేలుతుంది. ఆడదాన్ని చూసి చాలాసార్లు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆగాలి. దక్కన్ మడుల్లో తరచుగా కనిపించే బారిటెల్ఫ్యూసా క్యూనిక్యులారిస్‌కు ఆ పేరు 1836లో పెట్టారు. ఆ లాటిన్ మాటలో బొరియ ఉంది, మన గట్లకు సరిగ్గా సరిపోయే పేరు. నమూనా దాచాల్సి వస్తే ఆల్కహాల్లోనే పెట్టాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది, డొప్పలోని సున్నాన్నీ కరిగిస్తుంది.

ఛాయా సోమేశ్వరాలయం దగ్గర కాసేపే ఆగాం. ఇలాంటి పాత కోనేళ్లు, మెట్లబావుల నీళ్లలో వెతకాల్సింది సైక్లాప్స్‌ని. కంటికి చుక్కలా కనిపించే ఇదీ ఎండ్రకాయ, రొయ్యల్లాగే క్రస్టేషియన్ వర్గందే, కాకపోతే కోపెపోడా గుంపుది. ఆడదైతే వెనక రెండు గుడ్ల సంచులు వేలాడతాయి. నారికురుపు పిల్లపురుగును మనిషి ఒంట్లోకి చేర్చింది ఇదే. నీళ్లు బట్టతో వడకట్టి తాగమన్నది అందుకే. 2000లో మన దేశం ఆ జబ్బు నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

దేవరకొండ, డిండి, అచ్చంపేట, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కృష్ణ ఒడ్డున బుట్టలోని మంచినీటి రొయ్యను పక్కకు తిప్పి చూడండి. పొట్ట మీది రెండో పలక ముందుదాన్నీ వెనకదాన్నీ కప్పుతుంది. పటకారు కాళ్లు రెండు జతలే. చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యకు అవి మూడు జతలు, రెండో పలక మొదటిదాని మీదికి రాదు. వెనామీ గుడ్లను నీళ్లలో వదిలేస్తుంది, మంచినీటి రొయ్య పొట్ట కింద మోస్తుంది. ఎండ్రకాయా మోస్తుంది. అందుకే ఈ రెంటినీ ప్లియోసయిమేటా అనే ఒకే ఉపక్రమంలో పెట్టారు. రొయ్య అనే మాట ఒక్కటే అయినా, సోమశిల రొయ్య వెనామీకన్నా పానగల్ ఎండ్రకాయకే దగ్గరి చుట్టం!

ఒక్క చోట మాత్రం దారులు వేరు. మడి ఎండ్రకాయ గుడ్లలోంచి నేరుగా చిట్టి ఎండ్రకాయలే వస్తాయి. మంచినీటి రొయ్యల్లో పెద్దదైన స్కాంపి పిల్లలకు తొలి రోజుల్లో ఉప్పు కలిసిన నీరు కావాలి. నదికి అడ్డంగా ఆనకట్టలుంటే తల్లి సముద్రం వైపు పోలేదు, పిల్లలు ఎగువకు రాలేవు. జలాశయాల్లో స్కాంపి కావాలంటే హేచరీ పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే.